తుడుము ఒకటి, చప్పుడు రెండు

పుష్యమాసపు చలి అరకులోయలోనికి దిగిన ఒక రాత్రి, కొండల నడుమ చదును చేసిన మైదానమున వేసిన వేదికమీద, పదునెనిమిదిమంది స్త్రీలు ఒకరి నడుము వెనుకనుండి మరొకరి చేయి పట్టుకొని అర్ధచంద్రాకారముగ నిలిచి, మోరీ అను ఊదువాద్యము ఎత్తుకొన్న వరుసకు తొలి అడుగు వేసి, రెండవ అడుగు వేసి, మూడవ అడుగునకు కాలెత్తి, ఆ కాలిని దింపవలసిన వేళకు దింపక గాలిలోనే ఒక క్షణము నిలుపుట నేను చూచితిని. వరుస తప్పినది. అల్లుకొన్న చేతుల గొలుసు ఒకమూల ముందుకును మరొకమూల వెనుకకును లాగుకొని, కడపట నవ్వులలో తెగిపోయినది. వరుస చివరనున్న నడివయసు స్త్రీ ఒకతె వేదిక అంచునకు వచ్చి, క్రింద యంత్రముల ముందు కూర్చున్న కుర్రవానిని చూచి, "ఒరే బాబూ, తుడుము ఒక్కటే కదా వాయిస్తన్నారు, మాకు రెండు ఇనిపిస్తన్నాయేటి? ఏ దానికి అడుగెయ్యమంటావు?" అని అడిగెను.

ఆ కుర్రవాడు శృంగవరపుకోట వైపునుండి అనంతగిరి ఘాటురోడ్డు మీదుగ వ్యానులో స్పీకరు పెట్టెలు వేసికొని వచ్చిన మైకుసెట్టువాడు. అతని యెదుట మిక్సరు. మిక్సరు ప్రక్కన రెండంగుళముల మందమైన లేని నల్లని ఇనుపపెట్టె. ఆ పెట్టె ముఖమున ఎఱ్ఱని అంకెలు. మైకుసెట్టు వృత్తిలోనివారు దానిని 'ఎకో పెట్టె' అందురు. పండితులు దానికి ధ్వనిప్రభావయంత్రమని పేరు పెట్టినను పెట్టవచ్చును గాని, ఆ పేరు చెప్పి అడిగినచో విశాఖపట్టణమున ఏ దుకాణదారుడును దానిని చూపడు. పాడువాని గొంతును పెద్ద మండపములో పాడినట్లు వినిపించుటయు, ఒక మాటను రెండుమూడు మారులు మారుమ్రోగించుటయు, స్వరమును కొంచెము వణకించుటయు దాని పనులు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంఖ్య గలదు. ఆ సంఖ్యనే ప్రోగ్రాము అందురు. సంఖ్యను ఎంచుకొనుట ఒక విద్య. ఎంచుకొన్నదానిని లయకు కుదుర్చుట వేఱొక విద్య. ఆ రాత్రి ఆ కుర్రవానికి మొదటి విద్య కొంత వచ్చును, రెండవది రాదు. నాకు రెండును రావు. కాని చలిమంటకంటె అతని ప్రక్కన ఆంప్లిఫయరు వెచ్చదనమే నాకు హాయిగ తోచుటచే అచ్చటనే కూర్చుండి చూచితిని.

శబ్దమునకు తోడు వెదకుట మనకు క్రొత్త కాదు. గోల్కొండ ద్వారము క్రింద చఱచిన చప్పట్లు మీది బాలాహిస్సారులో వినవచ్చునని చూపి మురియని మార్గదర్శకుడు లేడు. రాతితోను గచ్చుతోను కట్టిన ఆ చమత్కారమును పెట్టెలోనికి దింపుటకు మాత్రము చాలకాలము పట్టినది. 1957లో జర్మనీలోని ఇ.ఎం.టి. సంస్థవారు, దాదాపు ఎనిమిదడుగుల పొడవుగల చెక్కపెట్టెలో పలుచని ఉక్కురేకును బిగదీసి వ్రేలాడదీసి, పాటను ఆ రేకునకు ఒకచోట తాకించి, దాని కంపమును మరొకచోట పట్టుకొని మరల పాటలో కలిపిరి. ఆ పెట్టె బరువు పావుటన్ను పైచిలుకు. 1974లో జపానుదేశపు రోలాండువారి 'స్పేస్ ఎకో' వచ్చినది: చుట్టును తిరుగు టేపుముక్క, దాని దారిలో వినిపించు హెడ్లు మూడు, టేపు వేగముగ నడిచిన మారుమ్రోత తొందరగా వచ్చును, మెల్లగ నడిచిన ఆలసించి వచ్చును. 1976లో ఇ.ఎం.టి. 250, 1978లో లెక్సికాన్ 224 అను యంత్రములు శబ్దమును అంకెలుగ మార్చి, ఆ అంకెలకు లెక్కకట్టి మండపములను పుట్టించినవి. వాటి వెల స్టూడియోలకే గాని సామాన్యునకు అందదు. 1985లో యమహావారి ఎస్.పి.ఎక్స్.90 బయలుదేరినపుడు ఆ విద్య ఊరేగింపులకును దిగివచ్చినది. దాని పేరులోని 90 ప్రోగ్రాముల లెక్క: 30 తయారుగ నున్నవి, 60 మనము సవరించి దాచుకొనదగినవి.

తొంబది, నూరు, రెండువందలు! ఇంత సంపద కలిగినవాడు ఏమి చేయునో పెండ్లిపందిళ్లలో మనము వినుచునే యున్నాము. ఎకో ఉన్నది గనుక ఎకో పెట్టుదురు. వధూవరుల పేర్లు చదువు పెద్దమనిషి గొంతు పందిటి నలుమూలలకును పోయి తిరిగివచ్చి, తన తోకను తానే మింగును. ఎన్నికల సభలో నాయకుడు 'సోదరులారా' యనినచో 'రా, రా, రా' యని వినబడి, పిలుచుచున్నాడో సవాలు విసరుచున్నాడో తెలియకుండును. ఈ దోషము యంత్రముది కాదు. పెట్టెలోనున్న పేర్లు మనలను మోసగించును: హాలు, రూము, ప్లేటు, చర్చి. 'హాలు' అను మాట గొప్పగ నున్నదని ఆ కుర్రవాడును హాలునే ఎంచుకొనెను. కాని అతడున్నది ఏ హాలులో? పైన ఆకాశము, ముందు మైదానము, వెనుక కొండ!

సంఖ్యల విషయమున మరొక చిక్కు కూడ కలదు. దానిని ఎఱుగని మైకుసెట్టువాడు లేడనుకొందును. 1983లో వాద్యయంత్రములన్నియు ఒకదానితో ఒకటి మాటలాడుకొనుటకు మిడి అను సంకేతభాష ఏర్పడినది. అందులో ప్రోగ్రాము మార్చుమని ఆజ్ఞ పంపుటకు 128 సంఖ్యలు కలవు. కొందరు తయారీదారులు ఆ సంఖ్యలను 0 నుండి 127 వరకును, కొందరు 1 నుండి 128 వరకును లెక్కించిరి. కీబోర్డునుండి 12 అని పంపినచో పెట్టెలో 11వదో 13వదో తెఱచుకొనును. పాటకునికి మండపము వలసినచోట గొంతు వణకు వచ్చును. అందుచేత అనుభవజ్ఞుడు సంఖ్యను నమ్మడు. ఒక్కొక్కదానిని ముందుగ పిలిచి, చెవితో విని, గుర్తు వ్రాసికొనును.

ఎంచుకొనుటకు ముందు చేయవలసిన పని, పెట్టెను కట్టివేసి, ఆ చోటును వినుట. ఇచ్చటి చోట్లకు స్వంత ప్రోగ్రాములు కలవు. అరకునకు వచ్చు దారిలో, సముద్రమట్టమునకు 705 మీటర్ల ఎత్తున, సున్నపురాతి కడుపులోనున్న బొర్రాగుహలలో ఎవడైన పిలిచినచో ఆ పిలుపు ఒక గోడను తాకి, ఆ గోడనుండి వేఱొక గోడను తాకి, వేలకొలది తునకలై, ఏ తునకకు ఆ తునకగ వినబడక, ఒకే పొగవలె క్రమ్ముకొని మెల్లగ అణగిపోవును. గుహ కప్పులోని బిలమునుండి పడిపోయిన ఆవును వెదకుచు పశువులకాపరి లోనికి దిగి శివలింగమును కనుగొనెనని స్థలకథ; ఆ ఆవు పొదుగు పేరనే గోస్తనీనది. పాపము, ఆ కాపరికి ఆవు అరుపు వినబడినను ఏ దిక్కునుండి వినబడెనో పోల్చుకొనుట దుర్లభమై యుండును, ఏలయనగా గుహలోని మ్రోతకు దిక్కులేదు. యంత్రములవారు దీనినే రివర్బు అందురు. అదే మనుష్యుడు బయటికి వచ్చి ఎదుటి కొండచరియవైపు పిలిచినచో, ఒక్క క్షణము నిశ్శబ్దము. తరువాత ఆ పిలుపే, చెక్కుచెదరక, తిరిగివచ్చును. ఇది డిలే. రివర్బు గుహ వంటిది, డిలే కొండ వంటిది. పెట్టెలోని ప్రోగ్రాములలో చాలవఱకు ఈ రెండింటి సంతానమే. మూడవది స్వరపు వణకు.

గుహకు తాళముతో పని తక్కువ. దాని తోక తరువాతి దెబ్బ పడునంతలో సన్నగిల్లిన చాలును, లేనిచో దెబ్బమీద దెబ్బ పేరుకొని బురద యగును. కొండకు మాత్రము తాళము కావలెను, ఏలయనగా అది మన శబ్దమును మనకే మరొక వాద్యముగ తిరిగి యిచ్చును. శబ్దము సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. 85 మీటర్ల దూరమున గోడవలె నిలిచిన చరియకు పోయి వచ్చుటకు దానికి అర్ధసెకను పట్టును. తుడుము నిమిషమునకు 120 దెబ్బల వడిని మ్రోగుచున్నచో దెబ్బకును దెబ్బకును నడుమ కాలము సరిగ ఆ అర్ధసెకనే. కావున కొండ పంపిన మ్రోత రెండవ దెబ్బ చాటున దాగి, దానికి నిండుదనము నిచ్చును. వినువానికి కొండ పలికినదని తెలియనే తెలియదు. తుడుము 100కు నెమ్మదించినచో దెబ్బకు 600 మిల్లీసెకనులు. కొండ యెప్పటివలెనే 500లో పలికి, నూరు మిల్లీసెకనులు ముందుగ అడ్డువచ్చును. కొండ జరుగదు గదా! పెట్టె జరుగును; దాని గొప్పతనమంతయు ఇంతే. ఒక మీటను త్రిప్పి, లేని కొండను మనకు వలసినంత దూరమున నిలుపవచ్చును.

ఎంత దూరమున నిలుపవలెనన్న లెక్క వీధిబడి పిల్లవాడును చేయగలడు. అఱువదివేలను నిమిషమునకు పడు దెబ్బల సంఖ్యతో భాగింపగా వచ్చినది ఒక దెబ్బకు మిల్లీసెకనులు. దెబ్బలు 100 అయినచో 600. అందులో సగము 300. మూడవ వంతు 200. మూడు పాళ్లు, అనగా నాలుగింట మూడు, 450. సగములును పాతికలును చతురశ్రగతికి పొసగును, మూడవ వంతులు తిశ్రమునకు. విలంబమునుండి మధ్యమమునకును, మధ్యమమునుండి ద్రుతమునకును పోవునపుడు మన తాళశాస్త్రము కాలమును సగము చేయును గనుక, మన సంగీతము నేర్చినవానికి ఈ విద్య సగము వచ్చినట్లే. ఆ రాత్రి ఆ నల్లపెట్టెలో ఎఱ్ఱని అంకెలు 350 అని చూపుచుండెను. అది తయారీదారుడు పెట్టిన సంఖ్య. ఏ ఊరిలోనో ఏ తీరిన గదిలోనో కూర్చుండి ఆ మహానుభావుడు 350 బాగున్నదని నిర్ణయించెను. తుడుము సుమారు నూఱు చొప్పున మ్రోగుచుండెను. 350 సగము కాదు, మూడు పాళ్లు కాదు, మొత్తమును కాదు. సగమునకు ఏబది దాటి పడిన కుంటిదెబ్బ. పాటకు ఆ కుంటితనము సొగసైనను కావచ్చును. కాలెత్తి నిలిచిన స్త్రీకి అది రెండవ తుడుము.

ఆ స్త్రీలు ఆడుచున్నది ధింసా. ఆ మాటకే కాలిచప్పుడు అని అర్థమని కొందరు చెప్పుదురు. ఈ కొండలలో బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు మొదలగువారందరును ఆడు ఆట అది. కోరాపుట్టు వైపునకు పోయిన అదియే ధెమ్సా. చైత్రమున ఇటుకల పండుగనాడును, పెండ్లిండ్లలోను ఆడుదురు. తుడుము, డప్పు, మోరీ, కిరిడి, జోడుకొమ్ములు దాని వాద్యములు. ఆట ఒక్కటి కాదు. గ్రామదేవతను కొలుచునది బోడ ధింసా. ఆకు ఏరు పనిని చూపునది పోతార్ తోల. పులి భయమును చూపునది భాగ్. భుజములతో ఒకరినొకరు త్రోసికొనునది కుండ ధింసా. ముందుకు వంగి లేచుచు ఊగుచు పోయివచ్చునది గొడ్డిబేట. ఆ రాత్రి నేను గమనించిన విశేషమేమనగా, ఒక ఆటనుండి మరొక ఆటకు మారుటకు ఎవ్వరును నోరు తెఱచి చెప్పలేదు. మోరీవాడు వరుస మార్చెను. రెండు ఊపిరులు గడచెనో లేదో, తుడుము దానిని అందుకొనెను. అల్లుకొన్న చేతులగుండ ఆ మార్పు గొలుసు ఈ కొననుండి ఆ కొనకు ప్రాకెను. పదునెనిమిదిమంది కాళ్లు క్రొత్త నడక పట్టినవి. ప్రోగ్రాము మార్చుట యనగా ఇట్లుండవలెను! మన పెట్టెలో సంఖ్య మార్చినచో చాలయంత్రములలో అంతవఱకు మ్రోగుచున్న తోక కత్తిరించినట్లు తెగును. నడుమ కాలమును మార్చినచో మ్రోత స్వరము పైకో క్రిందికో జారి పిల్లి కూసినట్లు కూయును. అందుచేత తెలిసినవాడు చరణము ముగిసి మోరీవాడు ఊపిరి తీయు సందున మాత్రమే చేయి పెట్టును.

ఇక ఆ కుర్రవాని పాట్లు. మొదట అతడు హాలును తీసివేసి, చేతిఫోను గడియారము పెట్టి, తుడుము దెబ్బలను లెక్కించి, 600 అని కూర్చి, "ఇప్పుడు సూడండి మాస్టారూ" అనెను. నిజముగనే బాగుండెను. కాళ్లు కుదిరినవి. మూడు నిమిషములు గడచినవో లేదో మరల ఏదో తేడా. అతడు అంకెలవైపు చూచెను: 600 చెక్కుచెదరలేదు. "ఏటైపోనాదో తెల్దు" అనెను. అంకె మారలేదు, ఆట మారినది. చలికి బిగిసిన వేళ్లు సాగినకొలదియు తుడుమువాడు వడి పెంచుచు పోయెను. నూఱు నూటపండ్రెండయినచో దెబ్బకాలము 536కు దిగును. 600లో నిలిచిన పెట్టె ప్రతి దెబ్బకును 64 మిల్లీసెకనులు వెనుకబడును. సినిమా పాటల స్టూడియోలో ఈ చిక్కు రాదు. అచ్చట వాద్యకారుల చెవులలో యంత్రము టిక్కు టిక్కుమనుచుండును. మిడి గడియారము దెబ్బకు 24 చొప్పున సంకేతములు పంపుచుండగా పెట్టె, కీబోర్డు, డ్రమ్ముయంత్రము ఒక్క కాలమున నడుచును. మనుష్యుడు వాటివెంట నడుచును. ఆ పద్ధతిని నేను నిందింపను, వేయి మంచి పాటలు దానివలననే వచ్చినవి. కాని తుడుము వాయించు ముసలివాని చెవిలో టిక్కుటిక్కు పెట్టి, పదునెనిమిదిమంది స్త్రీల ఊపిరిని దానికి కట్టివేయుమని చెప్పువాడు ధింసాను చూడలేదనియే నా నమ్మకము. అచ్చట వడి పెరుగుట తప్పు కాదు, ఆటయే అది.

ఇట్టి చోటికే ట్యాప్ బటను పుట్టినది. చెవికి వినబడిన దెబ్బకు సరిగ దానిని వ్రేలితో నాలుగైదుమారులు తట్టినచో, తట్టునకును తట్టునకును నడుమ కాలమును యంత్రము కొలిచి, సరాసరి కట్టి, తానే కొండను జరుపును. వేదికకు ముప్పది మీటర్ల దూరమున కూర్చున్నవానికి శబ్దము దాదాపు తొంబది మిల్లీసెకనులు ఆలస్యముగ చేరును గదా, తట్టు తప్పదా యని నేను సందేహించితిని. తప్పదు. ప్రతి దెబ్బయు అంతే ఆలస్యముగ వచ్చును గనుక నడుమ కాలము మారదు. యంత్రమునకు కావలసినది ఎప్పుడు పడెనను సంగతి కాదు, ఎంతకొకమారు పడుచున్నదను సంగతి. కుర్రవాడు తట్టెను. మొదటి వరుసలో కుదిరినది, రెండవదానిలో చెడినది, మూడవదానిలో మరీ చెడినది. ఎంత శ్రద్ధగ తట్టిన అంత చెడుచుండెను.

కారణమును అతడే కనిపెట్టెను. ఆ గౌరవము నాకు రాదు. స్పీకరు పెట్టెలలోనుండి తుడుముతోపాటు తుడుము మారుమ్రోతయు వచ్చుచున్నది. అతని వ్రేలు ఒకమారు తుడుమును, ఒకమారు మారుమ్రోతను తట్టుచున్నది. యంత్రము తన నీడనే తాను అనుసరించుచున్నది. అతడు హెడ్‌ఫోను తగిలించుకొని, అందులో తుడుము మైకును ఒక్కదానిని మాత్రము, మారుమ్రోత కలుపకుండ, వినిపించుకొనెను. తరువాత చేసిన పని చిన్నదే యైనను నాకు మిక్కిలి నచ్చినది: తుడుము, డప్పు, కిరిడి మీదనుండి ఎకోను పూర్తిగ తీసివేసెను. కాలికి ఆధారమైనది ఒక్కటిగనే వినబడవలెను. జోడుకొమ్ములకు చిన్న గదియంత గుహ నిచ్చెను. పూర్తి దెబ్బ దూరపు కొండను మోరీకి మాత్రమే, అదియు ఒక్క మారుమ్రోత చాలునన్నట్లు, మంద్రముగ నిలిపెను. సాగదీసి ఊదు వాద్యము గనుక మోరీ మారుమ్రోత దెబ్బగ వినబడదు. మోరీవాని వెనుక, చీకటిలో ఎవడో వాని తమ్ముడు కూర్చుండి అదే వరుసను మెల్లగ అందుకొనుచున్నట్లుండును.

ఆట మరల మొదలైనది. ప్రతి వరుస చివర, మోరీవాడు ఊపిరి తీసికొను సందున, కుర్రవాని వ్రేలు బటనును నాలుగుమారులు తట్టుచుండెను. అంకెలు 590, 571, 548 అని దిగుచుండెను. నడివయసు స్త్రీ ఇటువైపు చూడనేలేదు. చూడవలసిన అవసరము ఆమెకు లేదు, గొలుసు ఊగుచున్నది.

కార్యక్రమము ముగిసి, వాద్యములకు గుడ్డలు చుట్టుచున్న వేళ, అతడు తన సవరణలను పెట్టెలోని ఖాళీ ప్రోగ్రాములో దాచవలెనని సేవ్ బటను నొక్కి, పేరేమి పెట్టుదునని నన్నడిగెను. నేను తుడుము ముసలివానిని అడుగుమంటిని. "తాతా, కడాకర్ని ఆడింది ఏ ఆట?" అని కేక వేసెను. "కుండ" అని ఆ చీకటినుండి బదులు వచ్చెను. ఆంగ్లాక్షరములు తప్ప ఎఱుగని ఆ పెట్టెలో కుండ అని నాలుగైదు అక్షరములు ఒకటొకటిగ కూర్చి దాచెను.

తెల్లవాఱి, మంచు విడువకముందే, వ్యానులోనికి ఎక్కించుటకు ముందు ఒకమారు చూతమని పెట్టెను వెలిగింపగా కుండ లేదు. 350 అని ఎఱ్ఱని అంకెలు నిలిచియున్నవి. పాత పెట్టెలలో జ్ఞాపకమును నిలుపుటకు లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ యుండును. అది ఎన్నడో కన్ను మూసినదట. అతడు ఒక నిట్టూర్పైన విడువక, తెల్లని టేపుముక్క చించి, మిక్సరు అంచున అంటించి, పెన్నుతో వ్రాసెను: "తుడుము, డప్పు, కిరిడి ఎకో వద్దు. మోరీ ఒక దెబ్బ. హెడ్‌ఫోన్లో తుడుము ఒక్కటే." వ్రాసి, టీ త్రాగుటకు పోవుచు మరల వెనుకకు వచ్చి, క్రింద మరొక మాట చేర్చెను: "తట్టాలి."